మా అన్న కొడుకు ఫోన్లోకి ఈ వీడియోలు ఎట్లా వచ్చినాయి? వాడితో ఎట్లా మాట్లాడాల?

ప్రశ్న: కడప మేనత్త

నేను కడపలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్తాను. మా అన్నావదినలు కువైట్‌లో ఉన్నారు. వాళ్ల కొడుకు డిగ్రీ రెండో సంవత్సరం, మా ఇంట్లోనే ఉండి చదువుకుంటున్నాడు. చిన్నప్పటి నుంచి నా చేతి అన్నం తిని పెరిగినోడు. మా మతం ఏదో ఇక్కడ రాయను, దయచేసి అడగొద్దు. రాస్తే మాటలన్నీ దాని మీదికే పోతాయి, పిల్లోడి సంగతి పక్కకు పోతుంది.

మొదట వాడు చూసింది ఏడ్చే పిల్లల వీడియోలు. ఎక్కడో మనోళ్ల ఇండ్లు తగలబెట్టినారంట, బూడిదలో ఒక తల్లి బిడ్డను వెతుక్కుంటా ఉంది. నాకు చూపించి వెక్కివెక్కి ఏడ్చినాడు, నేనూ ఏడ్చినాను. కొన్నాళ్లకు ఇంకో రకం వచ్చినాయి. ఒకాయన గొంతు పెంచకుండా, చాలా మర్యాదగా, "మీ పెద్దోళ్లు మిమ్మల్ని పిరికోళ్లను చేసి పెంచినారు" అని చెప్తాడు. ఆ తర్వాత టెలిగ్రామ్‌లో ఎవరో "అన్న" తగిలినాడు. రాత్రి అందరూ పడుకున్నాక మాట్లాడతాడు. తిన్నావా తమ్ముడూ, పరీక్ష ఎట్లా రాసినావు అని అడుగుతాడంట. "మా నాయన కూడా ఇట్లా అడగలేదత్తా" అని వాడే నాతో అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఉగాది నాడు దేవుని కడప గుడికి హిందువులతో పాటు ముస్లింలూ వస్తారని కడపలో పుట్టినోళ్లందరికీ తెలుసు. మా ఇంట్లో అందరం ఏటా పోతాం. ఈసారి వాడు రాలేదు. "అట్ల కలిసిపోయి కలిసిపోయే మనం చచ్చిపోయినాం" అన్నాడు. ఇరవై ఏండ్లు లేని పిల్లోడి నోట్లో ఆ వాక్యం ఎవరు పెట్టినారు?

వీళ్లు ఎట్లా చేస్తారు ఈ పని? ఫోన్ లాక్కుంటే సరిపోతుందా? మా అన్నకు చెప్పాలా? పోలీసుల దగ్గరికి పోవాలంటే భయంగా ఉంది, వాడి బతుకు ఏమైపోతుందోనని.

జవాబు: ప్రొద్దుటూరు సీను

ఇందులో అడగడానికి ఏముందక్కా. ఫోన్ లాక్కుని రెండు తగిలించండి. సెలవుల్లో పనికి పెట్టండి. చేతిలో పని లేకనే ఇవన్నీ.

జవాబు: కొండారెడ్డి బురుజు ఎడిటర్, కర్నూలు

సీనన్నా, కొట్టొద్దు. ఎందుకో చెప్తాను, కొంచెం ఎక్కువే రాస్తా, ఓపిగ్గా చదవండి.

అక్కా, నేను కర్నూల్లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. అప్పగింతల దగ్గర మేము ఏం చేస్తామో చెప్తే మీకు సగం అర్థమవుతుంది. పెళ్లికూతురు నాయన మొహం దగ్గరగా చూపిస్తాం, వేగం సగానికి తగ్గిస్తాం, జనం గోల తీసేసి ఒక్క పాట పెడతాం. ఆ పెళ్లి ఎవరిదో తెలియనోళ్లు కూడా కళ్లు తుడుచుకుంటారు. ఆ కన్నీళ్లు అబద్ధం కాదు. కానీ వాటిని ఏ క్షణంలో రప్పించాలో నేను ముందే లెక్కేసుకున్నాను. మీ పిల్లోడు చూసిన వీడియోలు చేసినోళ్లకు ఈ పని నాకంటే బాగా వచ్చు. తేడా ఏమంటే, నా వీడియో ఏడిపించి వదిలేస్తుంది. వాళ్లది ఏడిపించినాక, "మరి నువ్వేం చేస్తున్నావు?" అని అడుగుతుంది.

మీరు రాసిన వరస చూడండి: ముందు బాధ, దాని వెనకాల సిగ్గు, ఆ సిగ్గు పోగొట్టడానికి ఒక అన్న. ఇంతవరకు కత్తి మాట, బాంబు మాట ఎక్కడా లేదు. అందుకే ఇంట్లోవాళ్లకు అనుమానం రాదు.

ఇరాక్, సిరియాల్లో పుట్టిన ఉగ్రవాద గుంపు ఐసిస్ సంగతే తీసుకోండి. టీవీలో మనకు గుర్తున్నది తలలు నరికిన వీడియోలే. 2015లో చార్లీ వింటర్ అనే పరిశోధకుడు ఒక్క నెలలో వాళ్లు బయటికి వదిలిన ఫొటోలు, వీడియోలు, రేడియో వార్తలు అన్నీ పోగేసి చూసినాడు. వెయ్యికి పైగా తేలినాయి. వాటిలో సగానికి మించి మామూలు జీవితం గురించే! సంతలో కూరగాయలు, రోడ్లు వేయడం, పిల్లలకు బొమ్మలు పంచడం, నదిలో చేపలు పట్టడం. "ఇక్కడ నీకొక ఊరు ఉంది, నీ కోసం కాచుకోని ఉంది" అని చెప్పడం అన్నమాట. వాళ్ల మనుషులు ట్విట్టర్‌లో పిల్లికూనలతో ఫొటోలు పెట్టేవాళ్లు, నూటెల్లా డబ్బాలు చూపించేవాళ్లు. లండన్‌లోనో పారిస్‌లోనో గదిలో ఒంటరిగా కూర్చున్న పిల్లకు, "అరె, వీళ్లూ నాలాంటి వాళ్లే" అనిపించాలని. ఆ ఊరు కోసం బయలుదేరి పోయినోళ్లకు అక్కడ కనిపించింది వేరే. ఇరాక్‌లో యజీదీలని ఒక చిన్న మతం వాళ్లు ఉన్నారు, వాళ్ల ఆడవాళ్లను సంతలో అమ్మినారు. తిరిగి వస్తామన్న సొంత మనుషులనే చంపినారు. అది ఏ వీడియోలోనూ లేదు.

పాటల సంగతి కూడా చెప్పాల, నేను చేసే పని కాబట్టి. వాళ్లు వాయిద్యాలు వాడరు, ఉత్త గొంతులే. పది గొంతులు ఒకే లయలో కలిపి, ప్రతిధ్వని పెంచి, అడుగుల చప్పుడు కింద పరుస్తారు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని అర్ధరాత్రి వింటే నిన్ను చుట్టూ జనం నిలబడి పిలుస్తున్నట్టు ఉంటుంది. భాష తెలియకపోయినా పర్వాలేదు. ద్వేషం పాటలు ఏ మతంలో చేసినా ఇదే పద్ధతి. వాయిద్యాలు ఉంటే డోలు ఎక్కువ, గొంతు పగిలేదాకా అరుపు ఎక్కువ, అంతే తేడా.

ఇది జనంలోకి ఎట్లా పోతుందో కూడా ఆలోచించి చేసినారు. 2014 జూన్‌లో ఫుట్‌బాల్ ప్రపంచకప్ జరుగుతా ఉంటే, ఆ హ్యాష్‌ట్యాగ్‌ల కిందే వాళ్ల సరుకు పెట్టినారు, ఆట కోసం వెతికినోడికి కనిపించాలని. ఒక యాప్ చేసి మద్దతుదారుల ఫోన్లలో వేయించినారు. ఆ యాప్ వాళ్ల ఖాతాల నుంచి తనంతట తానే ట్వీట్లు పెడుతుంది. అదే నెలలో ఇరాక్‌లోని మోసుల్ నగరంలోకి దూరిన రోజు దాదాపు 40 వేల ట్వీట్లు పడినాయి. ఆ ఏడాది చివర్లో లెక్క తీసిన పరిశోధకులకు ఐసిస్ వైపు మాట్లాడే ఖాతాలు కనీసం 46 వేలు దొరికినాయి. వీటిలో బాగా పేరున్న ఇంగ్లీషు ఖాతా ఒకటి నడిపింది ఎవరనుకున్నారు? బెంగళూరులో ఒక కంపెనీలో ఉద్యోగం చేసుకునే మనిషి. పగలు ఆఫీసు, రాత్రి ట్విట్టర్. 17 వేల మందికి పైగా అనుసరించేవాళ్లు. బ్రిటిష్ టీవీ ఛానెల్ బయటపెట్టినాక 2014 డిసెంబర్‌లో అరెస్టు చేసినారు. సిరియాకు పోయినోడు కాదు. గదిలో కూర్చుని వేరేవాళ్ల పిల్లలకు ధైర్యం నూరిపోసినాడు.

మీ పిల్లోడితో మాట్లాడే ఆ "అన్న" కూడా అట్లా ఎక్కడో గదిలో కూర్చున్నవాడే అయ్యుంటాడు. నా లెక్కలో వీడియోల కంటే ఆ అన్నే ప్రమాదం. వీడియో లక్షమంది చూస్తారు, లక్షమందిలో చాలామంది దాన్ని దాటి పోతారు. ఎవరు ఆగినారు, ఎవరు కామెంట్ పెట్టినారు, ఎవరు రాత్రి రెండు గంటలకు మేలుకొని ఉన్నారు అని చూసుకుని, వాళ్లను విడిగా పక్క గదిలోకి పిలుస్తారు. అక్కడికి మీరు రాలేరు, ఫ్రెండ్స్ రాలేరు, ఎదురుమాట చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. మీరు ఫోన్ లాక్కుంటే, "చూసినావా, మీ వాళ్లు నిన్ను అణచేస్తారని నేను చెప్పలేదా" అని ఆయన మాట నిజం చేసినట్టవుతుంది. వాడు ఇంకో ఫోన్ సంపాదించుకోవడం ఎంతసేపు.

జవాబు: కడప మేనత్త

తమ్ముడూ, మీరు రాసింది చదివి ఒళ్లు జలదరించింది. ఒక్క మాట అడుగుతా. నిన్న ధైర్యం చేసి వాడితో, "అవన్నీ ఎడిట్ చేసినవి నాయనా" అన్నాను. వాడు, "అయితే ఆ పిల్లలు చచ్చిపోలేదా అత్తా?" అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. ఏం చెప్పాల?

జవాబు: కొండారెడ్డి బురుజు ఎడిటర్, కర్నూలు

చచ్చిపోయినారు అనే చెప్పండి. అది నిజమైతే నిజమని ఒప్పుకోండి. వాడి కన్నీళ్లను మీరు కాదన్న రోజు వాడు మీ చేతిలోంచి పోతాడు. "ఆ పిల్లల కోసం ఏడ్చిన మనసు మంచిది. ఆ మనసును ఇంకో పిల్లల మీదికి తిప్పేవాడు ఎవడో చూద్దాం రా" అనండి.

కాకపోతే ఆ వీడియో నిజమేనా, అక్కడిదేనా, ఎప్పటిది అన్నది ఇద్దరూ కలిసి వెతకండి. వాడికి పాఠం చెప్పినట్టు కాదు, వాడి చేతే చేయించండి. వీడియోను ఆపి ఒక ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వేయమనండి. దుకాణం బోర్డులు ఏ భాషలో ఉన్నాయి, బండ్ల నంబర్ ప్లేట్లు ఎట్లా ఉన్నాయి, పోలీసుల బట్టలు ఏ దేశానివి, చూడమనండి. 2013లో ముజఫర్‌నగర్ గొడవలకు ముందు ఇద్దరు అబ్బాయిలను కొట్టి చంపే వీడియో ఒకటి ఊరూరా తిరిగింది, అది ఆ ఊరిదేనని. నిజానికి అది 2010లో పాకిస్తాన్ సియాల్‌కోట్‌లో జరిగింది. ఆ చంపడం నిజం, ఆ ఏడుపు నిజం, ఊరు అబద్ధం. ఆ గొడవల్లో 60 మందికి పైగా పోయినారు. 2012లో బెంగళూరు నుంచి ఈశాన్య రాష్ట్రాల వాళ్లు రైళ్లు నిండిపోయేట్టు పారిపోయిన నాళ్లలో తిరిగిన ఫొటోల్లో ఒకటి, టిబెట్ భూకంపంలో శవాల మధ్య నిలబడిన బౌద్ధ సన్యాసులది. 2010 నాటిది. ఆ సన్యాసులే ఆ మనుషులను చంపినారని రాసి పంచినారు.

జవాబు: అనంతపురం హిస్టరీ మేడం

నేను అనంతపురంలో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెబుతాను. ధర్మవరం, రాయచోటి పేర్లు 2025లో ఇటువంటి వార్తల్లోకి వచ్చినప్పటి నుంచి మా క్లాసులో పిల్లలు ఒకరినొకరు చూసే చూపు మారింది. అందుకే ఇది ఒక్క మతం జబ్బు కాదని గట్టిగా చెప్పాలనిపించి రాస్తున్నాను.

జపాన్‌లో ఓం షిన్రిక్యో అని ఒక గుంపు ఉండేది. 1984లో టోక్యోలో చిన్న యోగా క్లాసుగా మొదలైంది. దాని గురువు షోకో అసహారా గాలిలో తేలుతున్నట్టు పత్రికలో ఫొటో వేయించుకున్నాడు. బొమ్మల కథల పుస్తకాలు, కార్టూన్ సినిమాలు తీయించాడు. యోగా నేర్చుకుందామని వచ్చినవాళ్లకు మనశ్శాంతి అన్నాడు, తర్వాత లోకం అంతమైపోతోంది అన్నాడు, ఆ తర్వాత మనమే మిగులుతాం అన్నాడు. చేరినవాళ్లు చదువురానివాళ్లు కాదు, ఫిజిక్స్ పట్టభద్రులు, గుండె ఆపరేషన్లు చేసే డాక్టరు. 1995 మార్చి 20న టోక్యో మెట్రో రైళ్లలో సారిన్ విషవాయువు వదిలారు. వేలమంది ఆస్పత్రుల పాలయ్యారు, పదముగ్గురు చనిపోయారు, ఏళ్ల తర్వాత ఆ విషంతోనే ఇంకొకరు పోయారు. "చేతిలో పని లేకనే" అని సీను గారు రాశారు కదా. ఆ డాక్టరుకు చేతినిండా పని ఉంది. లేనిది వేరే ఏదో.

మయన్మార్‌లో విరతు అనే బౌద్ధ సన్యాసి ప్రసంగాలు ముందు డీవీడీల్లో తిరిగాయి, తర్వాత ఫేస్‌బుక్‌లో. దుకాణాల తలుపుల మీద వాళ్ల ఉద్యమం గుర్తుగా 969 అని స్టిక్కర్లు అంటించారు, ఎవరి దగ్గర కొనాలో ఎవరి దగ్గర కొనకూడదో తెలియడానికి. 2014లో మాండలేలో ఒక బౌద్ధ స్త్రీ మీద ముస్లిం యజమానులు అత్యాచారం చేశారన్న పోస్టును ఆయన పంచాడు. గొడవల్లో ఇద్దరు చనిపోయారు, ఒకరు బౌద్ధుడు, ఒకరు ముస్లిం. ఆ ఆరోపణ కల్పితమని తర్వాత తేలింది. మూడేళ్లకు, 2017లో, ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు, అంటే అక్కడి ముస్లింలు, బంగ్లాదేశ్‌కు పారిపోవాల్సి వచ్చింది. అహింస చెప్పిన బుద్ధుడి పేరు మీద కూడా ఈ పని చేయగలిగారంటే, మన మతం మనల్ని కాపాడుతుందిలే అని ఏ ఇంట్లోనూ కూర్చోకూడదు.

నార్పల దగ్గర గూగూడులో మొహర్రంకి కుళ్లాయిస్వామి పీరు లేచేటప్పుడు ఎవరు హిందువో ఎవరు ముస్లిమో తేల్చడం కష్టం. ఇటువంటి గుంపులన్నీ ముందు తెంచాలని చూసేది ఇలాంటి చోట్లనే. అందుకే మీ అబ్బాయి ఉగాది నాడు అన్న మాట నాకు అన్నిటికంటే బాధ కలిగించింది. కలిసి తిరిగిన జ్ఞాపకం ఉన్నంతకాలం వాళ్ల మాట పూర్తిగా ఎక్కదు.

జవాబు: నంద్యాల చెక్‌పోస్ట్ ఉర్దూ సార్, కర్నూలు

సలాం, నమస్తే. బేటీ, మీ మతం ఏదైనా సరే, నేను నా వైపు సంగతి చెప్తాను.

ఐసిస్ బలంగా ఉన్న రోజుల్లో, 2014 సెప్టెంబర్‌లో, 120 మందికి పైగా ఇస్లాం పండితులు కలిసి ఐసిస్ నాయకుడు బగ్దాదీకి బహిరంగ లేఖ రాసినారు. నువ్వు చెప్పేది ఖురాన్‌లో లేదు, అమాయకుల్ని చంపడం హరామ్, రాయబారుల్ని చంపడం హరామ్, అందుకే పత్రికలోళ్లనూ సాయం చేసేటోళ్లనూ చంపడం హరామ్ అని ఒక్కొక్కటే ఎత్తి చూపించినారు. మన దేశంలోనూ వెయ్యి మందికి పైగా ఉలేమాలు (మత పండితులు) 2015లో దానికి వ్యతిరేకంగా ఫత్వా ఇచ్చినారు. కానీ ఫోన్లో ఆ పిల్లోడికి ఇవి కనిపించవు. అవి పొడుగ్గా ఉంటాయి, పాట ఉండదు, నిదానంగా చదవాల. వాళ్లది ముప్పై సెకన్లు. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో సందేహం ఉన్నోళ్లను నేను చూసినాను. మతం బాగా చదివినోడు ఈ వలలో పడడం తక్కువ. మతం గురించి రెండు వాక్యాలు మాత్రమే వచ్చినోడు పడతాడు, ఆ రెండు వాక్యాలు నేర్పింది కూడా వాళ్లే కాబట్టి.

మీ మతంలో పెద్దమనిషి ఎవరైనా ఉంటే, ఉపన్యాసం ఇచ్చేటోణ్ని కాదు, వినే ఓపిక ఉన్నోణ్ని చూసి కలపండి. అడిగిన ప్రశ్నకు కోప్పడే గురువు దగ్గరికి మాత్రం పంపొద్దు.

అన్నకు చెప్పాలా అన్నారు. చెప్పండి. కానీ కువైట్ నుంచి ఫోన్లో తిట్టడానికి కాదు. ఆయన రోజూ ఫోన్ చేయాల, తిన్నావా అని ఆయనే అడగాల. ఎవరో పరాయోడు రాత్రిపూట అడిగే మాట అది. ఇంత దూరంలో ఉన్న మన నాయనలందరూ నెలకింత డబ్బు పంపి బాధ్యత తీరిందనుకుంటున్నారు. ఈ మాట కష్టంగా ఉంటుంది, ఐనా చెప్తున్నా.

పోలీసులంటే మీ భయం నాకు తెలుసు, అది ఉత్త భయం కాదు. అట్లని తలుపులన్నీ మూసుకున్నట్టు అనుకోవద్దు. 2014లో సిరియాకు పోవాలని ఇల్లు వదిలిన హైదరాబాద్ పిల్లలు కొందరిని కోల్‌కతాలో ఆపి, కేసు పెట్టకుండా తల్లిదండ్రులతో కూర్చోబెట్టి మాట్లాడి ఇంటికి పంపినారు. డెన్మార్క్‌లో ఆర్హస్ అనే ఊళ్లో పోలీసులే ఇట్లాంటి పిల్లోడికి ఒక తోడు మనిషిని పెడతారు, చదువుకో, ఉద్యోగానికో దారి చూపిస్తారు. ముందుగా తెలిస్తే ఇవన్నీ వీలవుతాయి. ఇల్లు వదిలినాక తెలిస్తే కావు. కెనడాలో కాల్గరీ నుంచి ఒక పిల్లోడు ఈజిప్టులో అరబ్బీ నేర్చుకుంటానని తల్లికి చెప్పి 2012లో బయలుదేరినాడు, సిరియాకు చేరినాడు, 2014 జనవరిలో అక్కడే చచ్చిపోయినాడు. ఆ తల్లి తర్వాత ఇట్లాంటి తల్లులను దేశదేశాల నుంచి కూడగట్టింది.

జవాబు: ప్రొద్దుటూరు సీను

కొట్టమని రాసిన మాట తీసేయలేను గానీ, పైన పెద్దోళ్లు రాసినవే చేయండక్కా. మాకూ ఇంట్లో ఆ వయసు పిల్లోడు ఉన్నాడు. ఈ రాత్రి వాడి పక్కన కూర్చుంటా.

జవాబు: కోర్టు రోడ్డు లాయరు, కడప

చట్టం సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. పిల్లోడికి ఇది మెల్లగా, బెదిరించినట్టు కాకుండా చెప్పాల.

ఐసిస్ మన దేశంలో యూఏపీఏ అనే ఉగ్రవాద వ్యతిరేక చట్టం కింద నిషేధించిన సంస్థ, ఇట్లాంటివి ఆ జాబితాలో చాలా ఉన్నాయి. నిషేధించిన సంస్థకు మద్దతు కూడగట్టడం 39వ సెక్షన్ కింద నేరం, పదేండ్ల దాకా శిక్ష. డబ్బు వసూలు చేయడం, ఇవ్వడం 40వ సెక్షన్, పద్నాలుగేండ్ల దాకా. ఈ చట్టం కింద బెయిలు దొరకడం చాలా కష్టం. సంస్థ పేరు లేకపోయినా, మతాల మధ్య ద్వేషం రెచ్చగొట్టే పోస్టుకు వేరే సెక్షన్లు ఉన్నాయి. "నేను ఉత్త ఫార్వర్డ్ చేసినా" అని కోర్టులో చెప్పుకున్నోళ్లు ఉన్నారు, దానితో బయటపడిపోరు. ఆ రాత్రి అన్నకు ఈ సెక్షన్లు బాగా తెలుసు. అందుకే ఆయన పేరు బయటికి రాదు, పంచే పని మీ పిల్లోడి చేత చేయించాలని చూస్తాడు.

వీడియోలను "చూడండి ఎంత ఘోరమో" అని మీరు కూడా ఎవరికీ పంపొద్దు, స్టాఫ్ రూమ్ గ్రూపులో కూడా. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదుల్లో 51 మందిని చంపినోడు దాన్ని ఫేస్‌బుక్‌లో లైవ్ పెట్టినాడు. లైవ్‌లో చూసినోళ్లు 200 మంది కూడా లేరు. ఆ తర్వాతి 24 గంటల్లో ఫేస్‌బుక్ తీసేసిన కాపీలు 15 లక్షలు. వాటిని మళ్లీ మళ్లీ పైకెక్కించింది జనమే. వాడు కోరుకున్నదీ అదే.

ఛానెల్ పేరు, లింకు, ఆ "అన్న" ఖాతా పేరు ఒక కాగితం మీద రాసి దాచండి. ఫోన్‌లోంచి ఏదీ చెరిపేయొద్దు. చెరిపేస్తే రేపు పిల్లోడు బాధితుడని చూపించడానికి కూడా ఆధారం మిగలదు. మనసు బాగాలేదని అనిపిస్తే 14416కు ఫోన్ చేయండి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ సహాయ నంబరు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టే పని లేదు. వాడు తనంతట తాను చేస్తానంటే సరే, లేదంటే ముందు మీరే చేసి వాళ్లతో ఎట్లా మాట్లాడాలో అడగండి.

ఇంతవరకు మీరు రాసినదాంట్లో పిల్లోడు నేరం ఏమీ చేసినట్టు లేదు. కాబట్టి ఇంట్లో చూసుకోవచ్చు, తొందరపడొద్దు. కానీ ఆ మనిషి డబ్బు పంపమన్నా, వేరే యాప్‌లోకి రమ్మన్నా, ఎవరికో ఏదో అందించమన్నా, ఏ ఊరికైనా వచ్చి కలవమన్నా ఇంక ఒక్క రాత్రి కూడా ఆగొద్దు. తెలిసిన లాయర్ని వెంటబెట్టుకుని, రాసిపెట్టిన కాగితం తీసుకుని ఎస్పీ ఆఫీసుకు పొండి, పిల్లోడి తరఫున ఫిర్యాదు మీరే ఇవ్వండి. తెలిసిన లాయరు లేకపోతే ఇక్కడే నాకు మెసేజ్ పెట్టండి, నేను వస్తాను.